జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల సామాజిక, పర్యావరణ బాధ్యత: అపోహలు – వాస్తవాలు

జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు వైర్లు, కనెక్టర్లు, ప్లాస్టిక్ భాగాలు అందించే సరఫరాదారుల దగ్గర నిషిద్ధ రసాయనాల నియంత్రణ ఎలా సాగుతోందో తనిఖీ చేయడం నా వృత్తి. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అనగానే మనలో చాలామందికి బడిలో కట్టించిన మరుగుదొడ్లు, ఊళ్లో పెట్టించిన మంచినీటి ప్లాంటు గుర్తొస్తాయి; నా పనిలో ఆ మాట ఎక్కువగా వినిపించేది మాత్రం విడిభాగాల జాబితా ముందు కూర్చున్నప్పుడు.

అపోహ: సీఎస్‌ఆర్ అంటే లాభంలో 2 శాతం ఖర్చు పెట్టడం.

వాస్తవం: అది మన దేశపు నిబంధన. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. జపాన్‌లో ఇలాంటి నిర్బంధ ఖర్చు లేదు. అక్కడ ఆ మాటకు ముఖ్యంగా వ్యాపారాన్ని నడిపే తీరు అనే అర్థముంది. విచిత్రమేమిటంటే, రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసే పనులను మన నిబంధనలు సీఎస్‌ఆర్ ఖర్చుగా లెక్కించవు కాబట్టి, శ్రీసిటీలో ఫ్యాక్టరీ నడిపే జపాన్ కంపెనీ తన సరఫరాదారుల దగ్గర కాడ్మియం అనే విషలోహాన్ని ఎంత కట్టుదిట్టంగా అరికట్టినా అది ఆ 2 శాతంలోకి రాదు.

అపోహ: విషపదార్థాలపై ఈ కట్టుబాట్లన్నీ పర్యావరణ ప్రేమతో మొదలయ్యాయి.

వాస్తవం: ఎక్కువ భాగం దెబ్బ తిని నేర్చుకున్నదే. 2001 చివర్లో, క్రిస్మస్ అమ్మకాలకు ముందు, నెదర్లాండ్స్ అధికారులు సోనీ ప్లేస్టేషన్ గేమ్ యంత్రాలను సుమారు 13 లక్షల వరకు అడ్డుకున్నారు. తప్పు యంత్రంలో కాదు, దానితో వచ్చే కేబుళ్లలో ఉంది. వాటిలోని కాడ్మియం అక్కడి పరిమితిని దాటింది. ఆ తీగలు ఎన్నో అంచెల కింద ఉన్న సరఫరాదారుల నుంచి వచ్చినవే అయినా, బోనులో నిలబడింది మాత్రం పెట్టె మీద పేరున్న కంపెనీ. దాని తర్వాతే సోనీ ‘గ్రీన్ పార్ట్‌నర్’ పద్ధతిని తెచ్చి, తన తనిఖీలో నెగ్గిన సరఫరాదారుల నుంచే విడిభాగాలు కొనాలని నిర్ణయించుకుంది. కాడ్మియం జపాన్‌కు కొత్త పాఠమేమీ కాదు: తొయామా ప్రాంతంలో గని వ్యర్థాలు జింజు నది ద్వారా వరి పొలాల్లోకి చేరి, ఎముకలను గుల్ల చేసిన ‘ఇటాయ్ ఇటాయ్’ (అంటే ‘నొప్పి, నొప్పి’) వ్యాధిని ప్రభుత్వం 1968లోనే కాలుష్య వ్యాధిగా గుర్తించింది.

అపోహ: అంత పెద్ద పరికరంలో ఇసుమంత విషం లెక్కలోకి రాదు.

వాస్తవం: ఎలక్ట్రానిక్ పరికరాల్లో విషపదార్థాలను కట్టడి చేస్తూ 2006 జులై నుంచి అమలైన ఐరోపా ‘రోహ్స్’ నిబంధనల పరిమితి పరికరం మొత్తానికి కాదు, అందులోని ఒక్కొక్క పదార్థానికి వర్తిస్తుంది. కాడ్మియానికి అది 0.01 శాతం, సీసానికి 0.1 శాతం. తీగ మీది తొడుగు, దాని మీద అచ్చువేసిన సిరా, లోపలి రాగి వేర్వేరుగా నెగ్గాలి.

అపోహ: పరీక్షా నివేదిక ఫైల్లో ఉంటే పని అయినట్టే.

వాస్తవం: తనిఖీల్లో నాకు అన్నింటికంటే ఎక్కువగా ఎదురయ్యే అపోహ ఇదే. నివేదిక ఆ రోజు పంపిన నమూనా గురించి చెబుతుంది, ఈ రోజు మిషన్‌లో నడుస్తున్న ముడిసరుకు గురించి కాదు. చాలా ఫ్యాక్టరీల్లో ఉండే, ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం క్రోమియం ఉందని చూపగలదు కానీ, అది నిషిద్ధమైన హెక్సావాలెంట్ రూపమా కాదా అన్నది తేల్చలేదు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్ల విషయంలో అది మరీ నిస్సహాయం. 2019 జులై నుంచి నాలుగు థాలేట్లపై పరిమితి వచ్చాక, ఆ పదార్థాలు తాకడం వల్ల కూడా అంటుకుంటాయన్నది మాకు పెద్ద తలనొప్పి అయింది: శుభ్రమైన రబ్బరు భాగాన్ని పాత పీవీసీ చాప మీద కొన్నాళ్లు ఉంచితే చాలు, చాపలోని థాలేటు దానిలోకి పాకుతుంది. అందుకే నేను కాగితాల కంటే ముందు బల్లల మీది చాపలు, కన్వేయర్ బెల్టులు, చేతి తొడుగులు చూస్తాను. ఆ తర్వాత ‘4ఎం’ మార్పుల రిజిస్టరు అడుగుతాను: మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి, వీటిలో ఏది మారినా కొనుగోలుదారుకు ముందే తెలపాలి. ధర తగ్గుతుందని రంగుపొడి కొనే చోటు మార్చి ఎవరికీ చెప్పకపోవడంతోనే చాలా తంటాలు మొదలవుతాయి.

అపోహ: ఫ్యాక్టరీ పైకప్పు మీద సౌర ఫలకలు పెడితే కార్బన్ లెక్క తీరిపోతుంది.

వాస్తవం: పానాసోనిక్ 2022లో ప్రకటించిన లెక్క చూడండి. మొత్తం సరఫరా గొలుసు ఉద్గారాలు ఏటా సుమారు 11 కోట్ల టన్నులైతే, సొంత కార్యకలాపాలవి సుమారు 22 లక్షల టన్నులే. సింహభాగం అమ్ముడైన ఏసీలు, ఇతర పరికరాలు మన ఇళ్లలో కాల్చే కరెంటుది.

అపోహ: కార్మికుల సంగతి సరఫరాదారు ఇంటి వ్యవహారం.

వాస్తవం: సోనీ వంటి కంపెనీలు సభ్యులుగా ఉన్న ‘రెస్పాన్సిబుల్ బిజినెస్ అలయన్స్’ అనే కంపెనీల కూటమి సరఫరాదారులకూ వర్తింపజేసే నియమావళి ప్రకారం, అత్యవసర పరిస్థితులు తప్పితే ఓవర్‌టైముతో కలిపి వారానికి 60 గంటలు మించకూడదు, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. హాజరు పట్టికలు ఎంత పొందికగా ఉన్నా ఈ మూడో అంశం కాగితాల మీద కనబడదు. అందుకని సూపర్‌వైజరు పక్కన లేనప్పుడు కార్మికులను నేను మొదట అడిగేది జీతం గురించి కాదు. ఈ ఉద్యోగం కోసం ఎవరికి ఎంత కట్టారు, ఆ అప్పు ఇంకా మిగిలే ఉందా అని.