రొజేషియా తగ్గిందని ఎలా తెలుస్తుంది? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చర్మవైద్యం చేస్తున్నాను. రొజేషియా మందుల పరీక్షల్లో రోగుల ముఖాలు చూసి స్కోరు వేసే పని కూడా చేశాను. రెండు చోట్లా తేల్చాల్సింది ఒకటే: వైద్యం పనిచేసిందా, లేదా? ఈ జబ్బు ముక్కు, బుగ్గలు, నుదురు, గడ్డం మీద వస్తుంది. ఎరుపు ఉండిపోతుంది, ఉన్నట్టుండి ముఖం జేవురిస్తుంది, మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి, సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, కళ్లు మండుతాయి. ఒకరిలో ఇవన్నీ ఉండవచ్చు, మరొకరిలో ఒకటి రెండే ఉండవచ్చు. సమూలంగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాల్సిన జబ్బు. అందుకే అదుపు ఎంతవరకు వచ్చిందో సరిగ్గా కొలవకపోతే మంచి మందును మానేస్తాం, పనికిరాని మందును నెలల తరబడి వాడతాం.

అపోహ: పొక్కులు పోయాయంటే జబ్బు తగ్గినట్టే

పొక్కులను లెక్కపెట్టడం తేలిక కాబట్టి పరిశోధనల్లో ఆ లెక్కకు పెద్దపీట వేశారు. అయితే పొక్కులను తగ్గించే ఐవర్‌మెక్టిన్, మెట్రోనిడజోల్ క్రీములతో పైకి తేలిన రక్తనాళాలు పోవు. వాటికి లేజర్ లాంటి చికిత్స కావాలి. బ్రిమోనిడిన్ జెల్ రక్తనాళాలను బిగించి కొన్ని గంటలపాటు ఎరుపును తగ్గిస్తుంది కానీ పొక్కుల జోలికి పోదు. పైగా మందు ప్రభావం దిగిపోయాక కొందరిలో ముఖం మునుపటికన్నా ఎక్కువగా ఎర్రబడుతుంది. రాసుకున్న 3 గంటలకు చూసిన వైద్యుడు భేష్ అంటాడు, మర్నాడు పొద్దున చూసినవాడు పెదవి విరుస్తాడు. ఇద్దరూ చూసింది నిజమే.

2002లో అమెరికాలోని నేషనల్ రొజేషియా సొసైటీ నిపుణుల బృందం ఈ జబ్బును నాలుగు ఉపరకాలుగా విభజించింది. కానీ ఒకే ముఖంలో రెండు మూడు రకాలు కలగలిసి కనిపించడం మాకు మామూలే. 2017లో ఆ విభజనను పక్కనపెట్టి, రోగిలో ఏ లక్షణాలు ఉన్నాయో దేనికది విడిగా చూడాలన్న పద్ధతి తెచ్చారు. నా దృష్టిలో ఇటీవలి కాలంలో ఈ రంగంలో వచ్చిన అతి మేలైన మార్పు ఇదే. నా కేసు షీటులో ఎరుపుకు ఒక గడి, పొక్కులకు ఒకటి, జేవురింపుకు ఒకటి, మంటకు ఒకటి, కళ్లకు ఒకటి ఉంటాయి. అన్నింటినీ కలిపి 'బాగుంది' అని ఒక్క ముక్క రాసేస్తే ఆరు నెలల తర్వాత దాన్ని చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు.

అపోహ: పొక్కులు 75 శాతం తగ్గాయంటే ఆ ఘనతంతా మందుదే

2014లో ప్రచురితమైన ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీము పరీక్షలు రెండింటిలోనూ 12 వారాలకు పొక్కులు దాదాపు 75 శాతం తగ్గాయి. అదే పరీక్షల్లో మందు కలపని ఉత్త క్రీము రాసుకున్నవారికి ఎంత తగ్గాయో తెలుసా? 50 శాతం! చర్మానికి తేమనిచ్చే మంచి క్రీము ఏదైనా కొంత మేలు చేస్తుంది. అదీకాక జబ్బు బాగా ముదిరినప్పుడే జనం వైద్యుడి దగ్గరికి వస్తారు, ఈ జబ్బేమో దానంతట అదే పెరిగి తగ్గుతూ ఉంటుంది. అందుకే పోల్చి చూసే గుంపు లేకుండా చెప్పే శాతాలను నేను నమ్మను, రోగులనూ నమ్మవద్దంటాను. 'మా ఫేషియల్‌తో ఎనభై శాతం ఫలితం' అనే ప్రకటనలకూ ఇదే వర్తిస్తుంది.

అవే పరీక్షలను ఇంకో కొలతతో చూద్దాం. ఐజీఏ అనే స్కోరులో వైద్యుడు ముఖం మొత్తాన్ని చూసి సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేస్తాడు. సున్నా అంటే ఏమీ లేదు, ఒకటి అంటే దాదాపు ఏమీ లేదు, నాలుగు అంటే తీవ్రం. సున్నా లేదా ఒకటికి చేరితేనే గెలుపు. ఆ లెక్కన మందు వాడినవారిలో 38 నుంచి 40 శాతం మంది, ఉత్త క్రీము వాడినవారిలో 12 నుంచి 19 శాతం మంది గెలిచారు. మందు పనిచేస్తుందనడంలో సందేహం లేదు. కానీ 'పొక్కులు ముప్పావు వంతు తగ్గాయి' అని విన్న మనిషి ఆశించేదానికీ, 'పదిమందిలో నలుగురి ముఖం దాదాపు తేటపడింది' అని విన్న మనిషి ఆశించేదానికీ చాలా తేడా ఉంది. నేను రోగులకు రెండోదే చెబుతాను.

అపోహ: కాస్త మిగిలినా ఫర్వాలేదు, మందు ఆపేయవచ్చు

ఐజీఏ స్కోరులో ఒకటికీ సున్నాకూ మధ్య తేడా నామమాత్రమని చాలామంది అనుకుంటారు. ఐవర్‌మెక్టిన్ పరీక్షల సమాచారాన్ని మళ్లీ విశ్లేషించినప్పుడు, చికిత్స ఆపేనాటికి సున్నాకు చేరినవారిలో జబ్బు తిరగబెట్టడానికి, ఒకటి దగ్గర ఆగినవారికన్నా ఐదు నెలలకు పైగా ఎక్కువ సమయం పట్టింది. రెండు మూడు పొక్కులే మిగిలాయి కదా అని మందు మానేద్దామనుకునేవారికి ఈ సంగతి తప్పక చెబుతాను.

అపోహ: ముఖం ఎర్రగా లేదంటే రొజేషియా లేదు, ఉన్నా తగ్గిపోయింది

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇది. ఎరుపును కొలిచే సీఈఏ అనే స్కేలులో కూడా సున్నా నుంచి నాలుగు వరకు అంకెలుంటాయి. లేత గులాబీ రంగు నుంచి నిప్పులాంటి ఎరుపు వరకు వర్ణించే ఇలాంటి స్కేళ్లు తెల్లని ముఖాలకు అతికినట్టు సరిపోతాయి. 1975లో అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టిన చర్మవర్ణాల వరుసలో మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు స్థానాల్లో ఉంటారు. చామనఛాయ బుగ్గ మీద రొజేషియా ఎరుపు ఎరుపులా కనిపించదు. ముదురు గోధుమ రంగులోనో, కాస్త ఊదా రంగులోనో కనిపిస్తుంది, కొందరిలో ఎండకు కమిలినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు 'నల్లబడ్డావు' అంటారు, పార్లరులో బ్లీచ్ చేస్తారు, మంట ఇంకా పెరుగుతుంది.

అందుకే ట్యూబులైటు ఆపి, రోగిని కిటికీ దగ్గర కూర్చోబెడతాను. సన్నని గాజు స్లైడును బుగ్గ మీద ఆనించి మెల్లగా నొక్కుతాను. నొక్కినచోట రంగు పాలిపోతే అక్కడ రక్తనాళాలు ఉబ్బి ఉన్నట్టు. పాలిపోకుండా అలాగే ఉండిపోతే అది మచ్చ తాలూకు వర్ణకం. చాలా బుగ్గల మీద రెండూ ఉంటాయి, స్లైడు కింద ఒక భాగం పాలిపోయి మిగతాది గోధుమ రంగులోనే నిలుస్తుంది. మందుతో తగ్గాల్సింది ఆ పాలిపోయే భాగం. మచ్చకు వేరే వైద్యం, వేరే గడువు. ఈ తేడా చెప్పకపోతే జబ్బు తగ్గినా 'ఏమీ తగ్గలేదు డాక్టర్ గారూ' అని నిరాశతో మానేస్తారు. ఆ తర్వాత చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో చూస్తే కంటికి అందని సన్నని నాళాలు కూడా అల్లికలా బయటపడతాయి.

ఇక మంటను చూడటానికి ఏ పరికరమూ లేదు, అడిగి తెలుసుకోవాలి. 'సున్నా అంటే అసలు లేదు, పది అంటే తట్టుకోలేనంత. పోయిన వారంలో ఎంత ఉందమ్మా?' అని అడుగుతాను. ముఖం చూస్తే ఐజీఏ రెండు దాటని గృహిణి ఒకామె, పొయ్యి ముందు నిలబడితే తొమ్మిది అంది. వంట అయ్యాక తడి తువాలు ముఖం మీద వేసుకుని పడుకుంటానని చెప్పింది. ఆమెకు వైద్యం ఆ తొమ్మిదితోనే మొదలవ్వాలి.

అపోహ: డాక్టరు వేసిన స్కోరే అసలైనది, రోగి చెప్పేది ఊహ

బ్రిమోనిడిన్ పరీక్షల్లో ఈ విషయంలో ఒక మంచి నియమం పెట్టుకున్నారు. ఎరుపుకు వైద్యుడు వేసిన స్కోరు, రోగి తనకు తాను వేసుకున్న స్కోరు రెండూ రెండేసి మెట్లు తగ్గితేనే ఫలితం వచ్చినట్టు. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు ఒప్పుకోకపోతే లెక్కలోకి రాదు.

జీవితం మీద జబ్బు ప్రభావాన్ని కొలవడానికి 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో తయారైన డీఎల్‌క్యూఐ అనే పది ప్రశ్నల పత్రాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. గడిచిన వారం గురించి అడుగుతుంది, 30కి లెక్క కడతారు. 10 దాటితే జీవితం మీద చాలా ఎక్కువ ప్రభావం ఉన్నట్టు. నేనూ వాడతాను, కానీ మన దగ్గర దాన్ని జాగ్రత్తగా నింపించాలి. దాంపత్య జీవితం గురించిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, పక్కన అత్తగారో మామగారో కూర్చుని ఉంటే ఏ కోడలూ నిజం రాయదు. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే సున్నా కిందే లెక్క, రెండు గడులు ఖాళీగా ఉంటే పత్రమే చెల్లదు. 'నాకు వర్తించదు' అన్నా సున్నాయే. ముఖం బాగా లేదని పెళ్లిళ్లకు వెళ్లడమే మానుకున్న అమ్మాయికి అలాంటి సున్నాలు పడితే ఆమె బాధ తక్కువగా ఉన్నట్టు తేలుతుంది. అందుకే పత్రం నింపేటప్పుడు తోడు వచ్చినవారిని బయట కూర్చోమంటాను. రొజేషియా కోసమే తయారుచేసిన 21 ప్రశ్నల రొజాక్వల్ అనే పత్రం కూడా ఉంది. తీరిక ఉన్నచోట అది మేలు.

అపోహ: ఫోనులో ఫొటోలుంటే చాలు

ఫోను తనంతట తానే చర్మాన్ని నునుపు చేసి, రంగు సరిదిద్దే రోజులివి. ముందు ఫొటో మే నెలలో మిట్టమధ్యాహ్నం మెట్రో దిగి నడిచి వచ్చాక, తర్వాతి ఫొటో ఆగస్టు ముసురులో పొద్దున్నే తీస్తే మందు లేకుండానే అద్భుతం జరిగినట్టు కనిపిస్తుంది. అదే గది, అదే వెలుతురు, అదే కోణం ఉండాలి. ఫిల్టరు వాడకూడదు. చల్లని చోట కాసేపు కూర్చోబెట్టాకే తీయాలి. వేడివేడి ఇరానీ చాయ్ తాగి నేరుగా లోపలికి వస్తే స్కోరు కూడా వేయను.

అపోహ: కొత్త వైద్యం మొదలుపెట్టాక మంట పెరిగింది, అంటే మందు పడలేదు

మందుల షాపులో అడిగి కొనుక్కున్న స్టిరాయిడ్ క్రీమును తెల్లబడటానికని ఏళ్లతరబడి రాసుకున్న ముఖాలు మాకు కొత్త కాదు. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినా వాడకం ఆగలేదు. స్టిరాయిడ్ ఆపగానే అణిగి ఉన్న ఎరుపు, పొక్కులు ఒక్కసారిగా పైకి వస్తాయి. ఆ ఉధృతిని కొత్త మందు వైఫల్యంగా లెక్కకడితే రోగి మళ్లీ పాత ట్యూబు పట్టుకుంటుంది. కాబట్టి స్టిరాయిడ్ ఎప్పుడు ఆపారో ఆ తేదీని మొదటి స్కోరు పక్కనే రాసుకోవాలి. ఆపిన వెంటనే వచ్చిన స్కోరును పాత స్కోరుతో పోల్చి మందు మీద తీర్పు చెప్పకూడదు. పొక్కుల మందుల మాటకొస్తే సాధారణంగా 12 వారాలు ఆగి చూడాలి. ముందే ఈ మాట చెబితే చాలామంది ఓర్చుకుంటారు.

అపోహ: ఇన్ని పరిశోధనలు జరిగాయి కదా, ఏ మందు మేలో తేలిపోయే ఉంటుంది

వైద్య పరీక్షలన్నింటినీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష 106 పరీక్షలను, 13,631 మందిని పరిశీలించింది. అన్ని పరీక్షలున్నా ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చడం కష్టం, ఎందుకంటే ఒకరు పొక్కులు లెక్కపెట్టారు, ఇంకొకరు ఎరుపు చూశారు. రోగి జీవితం ఎలా ఉందో అడిగినవారు తక్కువ. అన్ని పరీక్షల్లోనూ ఇవి తప్పక కొలవాలి అంటూ ఉమ్మడి జాబితాలు తయారుచేసుకునే పద్ధతి చర్మవైద్యంలోకి కూడా వచ్చింది, వాటిని తయారుచేసేటప్పుడు రోగులనూ కూర్చోబెడుతున్నారు. ఆ కూర్చున్నవారిలో చామనఛాయ ముఖాలు కూడా ఉండాలి. మంట, పొయ్యి వేడి, ఎండ, మచ్చ ఆ జాబితాలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కళ్ల గురించి మాత్రం ఏ జాబితా కోసమూ ఆగవద్దు. కొందరిలో చర్మం కన్నా ముందే కళ్లలో మొదలవుతుంది. ఇసుక పడ్డట్టు గరగర, రెప్పల అంచుల్లో ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే, మేము అడగకపోయినా మీరే చెప్పండి. కంటి డాక్టరు కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో కొలిచి చూస్తారు. ఆ అంకెను కూడా మీ ఫైలులో పెట్టించుకోండి.