దేవుడున్న ఇంట్లో గొడవలుండవా? పెళ్లి క్లాసులో వినే అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ వైపు ఒక విచారణలో, అంటే ఒక చర్చి పరిధిలో, పెళ్లి కుదిరిన కతోలిక జంటలకు క్లాసులు చెబుతుంటాను. జంటలు మారతాయి గానీ అపోహలు అవే.

అపోహ: ఫాదర్ గారు చేస్తేనే, తాళి పడితేనే పెళ్లి.

వాస్తవం: మన లాటిన్ రీతిలో (రోమన్ కతోలిక ఆరాధన పద్ధతిలో) పెళ్లి అనే దివ్యసంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. ఫాదర్ గారు శ్రీసభ (కతోలిక సంఘం) తరఫున వాళ్ల సమ్మతి అడిగి స్వీకరిస్తారు. తాళి, ఉంగరాలు ఆశీర్వదించడం ఉంది, మంచిదే. కానీ పెళ్లిని పెళ్లి చేసేది ఆ సమ్మతి మాట. వీడియో వాళ్ల హడావిడిలో అది ఎవరికీ వినబడదు, అది వేరే సంగతి.

అపోహ: దేవుడు కేంద్రంగా ఉండాలంటే గంటలకొద్దీ ప్రార్థన చేయాలి.

వాస్తవం: ఒకాయన వారానికి నాలుగు సాయంత్రాలు ప్రార్థన కూటాల్లోనే ఉండేవాడు. వంట, పిల్లల హోంవర్కు ఆవిడ మీదే. పైగా "దేవుడి పనికి అడ్డొస్తోంది సార్" అని ఫిర్యాదు! ఆవిడ చేతిలో గరిటె అందుకోవడం కూడా దేవుడి పనేనని ఒప్పించడానికి నాకు మూడు సిట్టింగులు పట్టింది.

ఇలాంటివాళ్లకు మార్టిన్ దంపతుల గురించి చెబుతాను. ఫ్రాన్సులో లూయీ గడియారాలు బాగుచేసేవాడు, జెలీది లేసు వ్యాపారం. 1858లో పెళ్లయింది. అదే పవిత్రత అనుకుని దాదాపు పది నెలలు అన్నాచెల్లెళ్లలా ఉన్నారు. ఒక ఫాదర్ నచ్చజెప్పాక కాపురం మొదలుపెట్టారు. తొమ్మిదిమంది పిల్లలు, నలుగురు చిన్నప్పుడే పోయారు. చివరి అమ్మాయే పునీత (సెయింట్) చిన్న తెరేజమ్మ. 2015లో భార్యాభర్తలిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు.

ఒకరిది హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్, ఇంకొకరిది పొద్దున్నే స్కూలు ఉద్యోగం అయితే? ఆదివారం చర్చిలో పూజకు కలిసి రండి. మిగతా రోజుల్లో గుమ్మం దగ్గర ఒకరి నుదుట ఒకరు సిలువ గుర్తు వేసి పంపండి. అర నిమిషం పని.

అపోహ: భార్య లోబడాలని బైబిలే చెప్పింది.

వాస్తవం: ఆ మాట ఉన్నది బైబిల్లోని ఎఫెసీ పత్రిక 5:22లో. దానికి ముందు 21 ఉంది, అక్కడ ఒకరికొకరు లోబడి ఉండాలని రాసుంది. 25లో భర్తకు చెప్పింది ఇంకా బరువైనది: క్రీస్తు శ్రీసభ కోసం ప్రాణమిచ్చినట్టు ప్రేమించాలి. అది చదివేసరికి అబ్బాయిలు ఫోన్లు చూసుకుంటారు.

అపోహ: కొట్టినా భరించి ప్రార్థించాలి, లేకపోతే పాపం.

వాస్తవం: ఈ మాట చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. భర్త వల్ల గానీ భార్య వల్ల గానీ రెండోవారికో పిల్లలకో తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా ఉండవచ్చని శ్రీసభ చట్టం 1153వ సూత్రం చెబుతోంది. ఆలస్యమైతే ముప్పు అనుకుంటే బిషప్ గారి అనుమతి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందు ఇంట్లోంచి బయటపడండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఫాదర్ గారితో తర్వాత మాట్లాడవచ్చు.