గ్రోమాక్స్‌ను మన ప్రాసెసర్ కోసం ఎందుకు కంపైల్ చేయాలి?

ఒక ప్రోటీన్ నీటిలో ఎలా మెలికలు తిరుగుతుందో, మందు అణువు దానికి ఎక్కడ అతుక్కుంటుందో లెక్కకట్టి చూపే సాఫ్ట్‌వేర్‌లలో గ్రోమాక్స్ ముందు వరుసలో ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో 1990ల ఆరంభంలో మొదలైన దీని సోర్స్ కోడ్‌ను (మనుషులు రాసిన ప్రోగ్రామ్ పాఠాన్ని) ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. బెంగళూరులో మత్తికెరె, యశ్వంతపుర వైపు గదులు తీసుకుని పరిశోధన చేసే తెలుగు విద్యార్థుల్లో రసాయన, జీవభౌతిక శాస్త్రాల వారికి ఇది మొదటి ఏడాదిలోనే పరిచయమవుతుంది. ఉబుంటు లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో రెడీమేడ్ ప్యాకేజీ దొరుకుతుండగా సోర్స్ కోడ్‌ను కంపైల్ చేయడం, అంటే ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చుకోవడం అనే కుస్తీ ఎందుకని వారు అడగడం సహజమే. నేర్చుకునే దశలో ఆ ప్యాకేజీ నిక్షేపంగా సరిపోతుంది. నెలల తరబడి నడిచే సిమ్యులేషన్లకు మాత్రం చాలదు.

కారణం లెక్కల పరిమాణంలో ఉంది. పరమాణువుల కదలికను సాధారణంగా 2 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే మైక్రోసెకనులో 100 కోట్లో వంతు) అడుగులుగా లెక్కిస్తారు కాబట్టి, ఒక్క మైక్రోసెకను కదలిక చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. ప్రతి అడుగులోనూ దగ్గరగా ఉన్న పరమాణువుల జంటలన్నింటి మధ్య బలాలను మళ్లీ కట్టాలి. ఇటువంటి పనికోసమే ప్రాసెసర్లలో ఒకే ఆదేశంతో అనేక సంఖ్యలపై లెక్క చేసే ఏర్పాటు ఉంది. పాత ఎస్ఎస్ఈ2 ఆదేశాలు ఒక్కసారికి 4 సింగిల్ ప్రెసిషన్ (సుమారు ఏడు అంకెల కచ్చితత్వం గల) సంఖ్యలను, ఏవీఎక్స్2 ఎనిమిదింటిని, ఏవీఎక్స్-512 పదహారింటిని పట్టుకుంటాయి. వెడల్పు రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుందని అనుకోకూడదు, మెమరీ నుంచి సంఖ్యలు అందే వేగం కూడా అడ్డుపడుతుంది. అయినా తేడా గట్టిదే. అందరి కంప్యూటర్లలోనూ నడవాల్సిన ప్యాకేజీ పాత ప్రాసెసర్‌నూ దృష్టిలో పెట్టుకోక తప్పదు. మనం కంపైల్ చేసుకుంటే ఆ మొహమాటం అక్కర్లేదు.

ఈ నిర్ణయం జరిగేది సీమేక్ దశలో, అంటే కంపైల్‌కు ముందు ఏర్పాట్లు చేసే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు. అది కంపైలర్‌ను పరీక్షించి, తాను నడుస్తున్న ప్రాసెసర్‌ను గుర్తించి, దానికి తగిన ఆదేశాల స్థాయిని ఎంచుకుంటుంది. దూరపు విద్యుత్ బలాలను ఫోరియర్ పరివర్తనతో లెక్కించడానికి కావలసిన ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ కోసమూ వెతుకుతుంది, దొరక్కపోతే తానే దింపి కట్టమని మనం ముందుగా చెప్పవచ్చు. ఆ తర్వాత అసలు కంపైల్ చేయించే మేక్ వంతు; అది ఎక్కువగా ఎదురుచూపే. క్లస్టర్‌లో (కలిపి వాడే కంప్యూటర్ల సమూహంలో) అందరూ లాగిన్ అయ్యే కంప్యూటరైన లాగిన్ నోడ్‌లోని కోర్లన్నింటినీ ఆక్రమించి మేక్ నడిపితే అడ్మిన్ నుంచి మెయిల్ వచ్చే అవకాశం ఉందని మాత్రం కొత్తవారు గుర్తుంచుకోవాలి.

“అన్నా, కంపైల్ బాగానే అయింది, జాబ్ వేస్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోతోంది” అని జూనియర్లు సీనియర్ల దగ్గరకు పరుగెత్తేది ఇక్కడే. క్లస్టర్‌లో లాగిన్ నోడ్ కొత్తదీ, జాబ్‌లు నడిచే కంప్యూట్ నోడ్లు పాతవీ అయితే, సీమేక్ కొత్త ప్రాసెసర్‌ను చూసి ఏవీఎక్స్-512 ఎంచుకుంటుంది, పాత ప్రాసెసర్‌కు ఆ ఆదేశం తెలియదు. జాబ్ నడిచే నోడ్‌లోనే కంపైల్ చేయడం, లేదా సీమేక్‌కు ఇచ్చే జీఎంఎక్స్ సిమ్డ్ అనే ఆప్షన్‌లో స్థాయిని మనమే ఇవ్వడం దీనికి మందు. ఒకే క్లస్టర్‌లో రెండు రకాల నోడ్లు ఉండటం మామూలే. భారతీయ విజ్ఞాన సంస్థలో 2022లో వచ్చిన 3.3 పెటాఫ్లాప్స్ సూపర్ కంప్యూటర్ పరమ్ ప్రవేగలో ఇంటెల్ జియాన్ నోడ్లూ, ఎన్విడియా వీ100 గ్రాఫిక్స్ కార్డులున్న నోడ్లూ ఉన్నాయి. ఇటువంటి చోట సీపీయూ కోసం ఒకటి, ఎన్విడియా కార్డులపై లెక్కలు నడిపే కుడాతో మరొకటి విడివిడిగా కంపైల్ చేసుకోవడం మేలు.

చాలామంది దాటేసే దశ మేక్ చెక్, అంటే కంపైల్ అయిన ప్రోగ్రామ్‌ను పరీక్షించడం. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే, ఎందుకంటే కంపైలర్ మారితే కూడికల క్రమం మారుతుంది, క్రమం మారితే జవాబూ మారవచ్చు. సింగిల్ ప్రెసిషన్‌లో 10 కోట్లకు 1 కలిపి, అందులోంచి 10 కోట్లు తీసేస్తే సున్నా వస్తుంది, ఎందుకంటే ఆ పరిమాణం దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య దూరం 8, ఆ ఒకటి ఎక్కడా నిలవదు. ముందుగా 10 కోట్లలోంచి 10 కోట్లు తీసేసి తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. చివరి అంకెలోని ఇంత చిన్న తేడా లక్షల అడుగుల్లో పెరిగి రెండు సిమ్యులేషన్లలో పరమాణువుల దారులను పూర్తిగా వేరు చేస్తుంది. అది తప్పు కాదు. ఉష్ణోగ్రత, పీడనం, శక్తి వంటి సగటులు గణాంక దోషం మేరకు కలిస్తే చాలు. కంపైలర్ లోపం వల్ల వచ్చిన అసలైన తప్పును ఈ సహజమైన తేడా నుంచి విడదీయడానికే, తెలిసిన జవాబులతో, ఎంతవరకు తేడా ఒప్పుకోవచ్చో నిర్ణయించి ఆ పరీక్షలను తయారుచేశారు.

చివరిది ఇన్‌స్టాల్. క్లస్టర్‌లో మనకు రూట్ (అడ్మిన్) అధికారం ఉండదు కనుక సీమేక్‌కు మన హోమ్ డైరెక్టరీలోని ఒక ఫోల్డర్‌ను చూపాలి. దాని పేరులోనే గ్రోమాక్స్ వెర్షన్, ఆదేశాల స్థాయి, కంపైలర్ వెర్షన్ రాసుకుంటే రెండు మూడు బిల్డ్‌లు (కంపైల్ చేసిన ప్రతులు) ఒకే ఖాతాలో గొడవ లేకుండా ఉంటాయి. జాబ్ స్క్రిప్ట్‌లో ఏ ఫోల్డర్‌లోని జీఎంఎక్స్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలును సోర్స్ కమాండ్‌తో చదివిస్తే ఆ బిల్డే నడుస్తుంది. ప్రతి రన్ లాగ్ ఫైలు మొదట్లోనూ ఈ వివరాలన్నీ, కంపైలర్‌కు ఇచ్చిన ఫ్లాగులతో సహా నమోదవుతాయి కాబట్టి, పేపర్ పంపేటప్పుడు ఇన్‌పుట్ ఫైళ్లతోపాటు ఆ లాగ్‌ను కూడా జతచేయడం మంచిది.