నూనె డబ్బాకి రెండో బొక్క ఎందుకు కొడతారు?

పోయిన నెల తాడిపత్రి నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. డిగ్రీ రెండో సంవత్సరం. "అక్కా, పీరియడ్స్‌కి కప్పు తెప్పించుకున్నా. పెట్టుకునేటప్పుడు బాగానే పోయింది, పొద్దంతా అది ఉండేదే తెలీలేదు. సాయంత్రం తీద్దామంటే రాదే! కింద తోక పట్టుకుని లాగితే లోపల ఉండేదంతా దాంతో పాటే వచ్చేస్తాదేమో అనిపించింది. బాత్రూంలో కూర్చుని ఏడ్చేసినా. అరగంటకు ఎట్లో వచ్చింది. అది అట్లే లోపలికి పోయుంటే ఏంది నా గతి? అసలు అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటాది?"

కప్పంటే మెన్‌స్ట్రువల్ కప్పు, మడిచి యోనిలో పెట్టుకుంటే నెలసరి నెత్తురు పట్టే చిన్న మెత్తటి గిన్నె, తీసేందుకు కింద తోక ఉంటుంది. అది లోపలికి పోతుందా అనేదానికి జవాబు చిన్నది. పోదు. యోని రెండు పక్కలా తెరుచుకున్న పైపు కాదు, పైన గర్భాశయ ముఖద్వారం దగ్గర మూసుకుపోయిన సంచి లాంటిది, పొడవు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు, అంటే కొంచెం అటూ ఇటూగా మన వేలంత. ఆ ముఖద్వారంలో ఉండే సందు నెత్తురు కారడానికి సరిపోయేంతే, 4 సెంటీమీటర్ల కప్పు అందులో దూరే మాటే లేదు. కప్పు ఎక్కడికీ పోదు, వెతికితే దొరికేంత దూరంలోనే ఉంటుంది.

రెండో ప్రశ్న మాత్రం నాకు పండగ. ఎందుకంటే అది డాక్టర్ ప్రశ్న కాదు, ఫిజిక్స్ ప్రశ్న. నేను బతుకుతున్నదే ఫిజిక్స్ చెప్పి.

మా నాయనకు అనంతపురం పాతూరులో చిన్న అంగడి ఉండేది. శెనక్కాయ నూనె 15 కిలోల రేకు డబ్బాల్లో వచ్చేది. కొత్త డబ్బా తెరవాలంటే మేకు, సుత్తి. ఒక మూల ఒక బొక్క కొట్టి డబ్బా వంచితే నూనె రాదు, వచ్చినా బుడుంగు బుడుంగుమని ఎగిరెగిరి పడుతుంది, సగం బండల మీద. అప్పుడు మా నాయన ఎదురు మూల ఇంకో బొక్క కొట్టేవాడు, అంతే, నూనె దారం మాదిరి సన్నగా, చప్పుడు లేకుండా దిగేది. చిన్నప్పుడు నాకు అది మంత్రం లాగా ఉండేది. నూనె వచ్చేది ఈ బొక్కలోంచి కదా, ఆ మూల బొక్కకు పనేంది? పనేందంటే గాలిని లోపలికి రానీయడం. ఒక్క బొక్కే ఉంటే, కొంచెం నూనె బయటికి రాగానే లోపల మిగిలిన గాలికి చోటు పెరుగుతుంది, చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, బయట గాలి ఒత్తిడి మాత్రం తగ్గదు కదా, అది నూనెను అడ్డంగా వెనక్కి నెడుతుంది. గాలి ఒక బుడగగా దూరి లెక్క సరిచేసినప్పుడల్లా ఒక బుడుంగు. 1662లో రాబర్ట్ బాయిల్ రాసిన సూత్రమే ఇది, చోటు పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది.

ఇప్పుడు కప్పు దగ్గరికి రండి. మడిచి లోపల పెట్టాక అది విచ్చుకుంటుంది, అంచు చుట్టూ ఉన్న గోడలు ఆ అంచును గట్టిగా అదుముకుంటాయి. అంచుకి పైన, ముఖద్వారానికి కింద కొంచెం మూసిన చోటు ఏర్పడుతుంది. ఆ అమ్మాయి తోక పట్టి లాగింది. లాగితే కప్పు కిందికి జరగాలి, జరిగితే పైన ఉన్న ఆ చోటు పెరగాలి, అక్కడికి కొత్త గాలి వచ్చే దారి లేదు, కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది, బయట గాలి కప్పును కింది నుంచి పైకి నెడుతుంది. సరిగ్గా ఒంటి బొక్క డబ్బా!

ఎంత బలంగా నెడుతుంది? లెక్క వేద్దాం, ఇది వెయ్యకపోతే నాకు నిద్ర పట్టదు. కప్పు అంచు వ్యాసం 4.4 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం సుమారు 15 చదరపు సెంటీమీటర్లు. మన తల మీద గాలి ప్రతి చదరపు సెంటీమీటర్‌కీ సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. అంటే పైన పూర్తిగా శూన్యం అయిపోతే కప్పును కిందికి లాగడానికి 15 కిలోల బలం కావాలి. 15 కిలోలు! మా నాయన నూనె డబ్బా అంత బరువు! నిజానికి అంత శూన్యం ఎప్పటికీ రాదు లెండి, భయపడకండి. పైన 10 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి, మీరు లాగితే అది 11 అయింది, ఒత్తిడి పదకొండో వంతు తగ్గింది, బలం సుమారు 1.4 కిలోలు. అంటే ఒక్క మిల్లీలీటర్ సాగినందుకే దాదాపు కిలోన్నర బరువు వెనక్కి లాగుతున్నట్టు. ఇంకా లాగితే ఇంకా సాగుతుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఎంత లాగితే అంత మొండికేసే గాడిద మాదిరి. లాగినప్పుడు ఆ అమ్మాయికి లోపల పీకినట్టు అనిపించింది భ్రమ కాదు, తగ్గిన ఒత్తిడి మెత్తటి గోడల్ని కూడా లాగుతుంది.

దానికి తోడు భయం. భయపడితే కటి కింది కండరాలు బిగుసుకుంటాయి, కప్పును ఇంకా పట్టుకుంటాయి. అరగంట తర్వాత "ఎట్లో వచ్చింది" అన్నది చూడండి, ఎట్లో కాదు, ఏడ్చి ఏడ్చి అలసిపోయి కండరాలు వదులై ఉంటాయి.

మరి చెయ్యాల్సింది ఏమిటంటే రెండో బొక్క కొట్టడమే. తోకను దారి చూపడానికి మాత్రమే వాడి, వేళ్లు ఇంకొంచెం పైకి పోనిచ్చి కప్పు అడుగును రెండు వేళ్లతో నొక్కాలి. అడుగు నొక్కితే పైన గుండ్రంగా ఉన్న అంచు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, ఎక్కడో ఒక చోట గోడకీ అంచుకీ మధ్య సందు పడుతుంది, గాలి లోపలికి పోతుంది. ఒక్కోసారి తుస్‌మని చిన్న చప్పుడు కూడా వస్తుంది. అది వింటే అయిపోయినట్టే, ఇంక లాగే పని లేదు, అటూ ఇటూ కదిలిస్తూ దింపుకోవడమే. దిగకపోతే గొంతుకూర్చుని కొంచెం ముక్కితే అదే కిందికి వస్తుంది.

ఇంకో సంగతి ఉంది, నేను మొదటిసారి గమనించినప్పుడు నవ్వొచ్చింది. చాలా కప్పులకు అంచు కింద సన్నటి బొక్కలు నాలుగైదు ఉంటాయి, సూది మొన అంత. అవి డిజైన్ కోసం కాదు, ఫ్యాక్టరీ వాళ్లే ముందుగా కొట్టిచ్చిన రెండో బొక్కలు! అయితే మరి ఎందుకు ఇరుక్కుంది అంటే, ఎండిన నెత్తురు ఆ బొక్కల్లో గడ్డకడితే అవి ఉన్నా లేనట్టే, పైగా గోడ వాటిని అదిమి మూసేస్తుంది కూడా. శుభ్రం చెయ్యడానికి ఒక ఆట ఉంది, కప్పు నిండా నీళ్లు పోసి మీద అరచెయ్యి గట్టిగా మూసి కప్పును పిండితే ఆ బొక్కల్లోంచి నీళ్లు చిన్న ఫౌంటెన్ లాగా చిమ్ముతాయి, మూసుకుపోయినవన్నీ తెరుచుకుంటాయి. కొన్ని కప్పులకు ఈ బొక్కలే ఉండవు, అప్పుడు అడుగు నొక్కడం తప్పనిసరి.

ఇంతసేపు శూన్యం శూన్యం అన్నాను కాబట్టి ఒక మాట సరిచెయ్యాలి. మామూలుగా ఉన్నప్పుడు కప్పును పట్టి ఉంచేది శూన్యం కాదు. మడిచిన సిలికోన్ విచ్చుకోవాలని బయటికి నెడుతుంది, చుట్టూ కండరాలు లోపలికి నెడతాయి, ఈ రెండింటి మధ్య ఒరుపుతో అది నిలబడుతుంది. లాగినప్పుడు మాత్రమే గాలి ఆటలోకి వస్తుంది. అంచు సగమే విచ్చుకుని ఒక మడత ఉండిపోయిందంటే కుక్కర్ రబ్బరు మెలిక పడినట్టే, కుక్కర్‌కి విజిల్ రాదు, ఇక్కడ మరక వస్తుంది. లీకయిందని కప్పును తిట్టే ముందు వేలు చుట్టూ తిప్పి చూసుకోవాలి.

పదో క్లాసుకు ముందే ఒత్తిడి పాఠం వస్తుంది. 1650ల్లో జర్మనీలో ఒట్టో వాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలు కలిపి లోపల గాలి తోడేసి, గుర్రాలతో లాగించినా ఊడలేదని బొమ్మ గీసి చెప్తాం. క్లాసులో ఒక్కరి ఇంట్లో కూడా గుర్రం ఉండదు. సగం క్లాసుకు పనికొచ్చే ఉదాహరణ మాత్రం ఎవరూ చెప్పరు. నేను చదివిన బడిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే సారు "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేసినాడు. ఇంట్లో ఎవరు చెప్తారు సారూ, మా జేజి చెప్తుందా?

మా జేజి చెప్పింది ఒకటే, ఆ మూడు రోజులు ఊరగాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందని. ఉప్పు, నూనె, పులుపు కలిసి సూక్ష్మజీవుల్ని పెరగనీయని జాడీలో, తడి గరిటె పెడితే బూజు పడుతుంది గానీ ఎవరి డేటో చూసి పడదు. అయితే జేజిని ఒక్కదాన్నే ఎందుకు అనాలి? 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పెద్ద డాక్టరు, డిఫ్తీరియాకి పరీక్ష కనిపెట్టినాయన, నెలసరిలో ఉన్న ఆడమనిషి పట్టుకుంటే పూలు వాడిపోయాయని చెప్పి "మెనోటాక్సిన్" అనే విషం ఉందని రాశాడు. దాని మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. మా జేజి బడికి పోలేదు కాబట్టి ఆమెది మూఢనమ్మకం, ఆయనది పరికల్పన!

కప్పు కూడా మొన్న మొన్నటి వస్తువు కాదు. 1937లోనే అమెరికాలో లియోనా చామర్స్ అనే నటి రబ్బరు కప్పుకు పేటెంట్ తీసుకుంది, రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు దొరక్క అది మూలపడింది. ఇప్పటి కప్పులు ఎక్కువగా సిలికోన్‌వి. సిలికాన్ వేరు, సిలికోన్ వేరు, పిల్లలు పరీక్షల్లో రెండూ కలిపేస్తారు. సిలికాన్ మూలకం, మన పెన్నా ఇసుకలో ఉండేది ఆక్సిజన్‌తో కలిసిన అదే. సిలికోన్‌లో సిలికాన్, ఆక్సిజన్ ఒకటి విడిచి ఒకటిగా పొడుగాటి గొలుసు, ప్రతి సిలికాన్‌కీ రెండు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) వేలాడుతుంటాయి. ఈ సిలికాన్-ఆక్సిజన్ బంధం తెంచాలంటే మోల్‌కి సుమారు 450 కిలోజౌళ్లు కావాలి, ప్లాస్టిక్కుల్లో ఉండే కార్బన్-కార్బన్ బంధానికి 350 చాలు, అందుకే మరిగే నీళ్లు దీన్ని ఏమీ చెయ్యలేవు. అదే సమయంలో ఆ గొలుసు తన చుట్టూ తాను సులువుగా తిరుగుతుంది, అందుకే మెత్తన. బయటికి తిరిగిన మిథైల్ గుంపులు నీటిని దగ్గరికి రానీయవు, అందుకే నీళ్లు, నెత్తురు పీల్చుకోదు.

ఈ పీల్చుకోకపోవడమే ప్యాడ్‌కీ, లోపల పెట్టుకునే దూది చుట్ట టాంపాన్‌కీ, దీనికీ ఉన్న అసలు తేడా. ప్యాడ్‌లో సోడియం పాలీయాక్రిలేట్ పొడి ఉంటుంది, తడి తగిలితే జెల్ అయిపోతుంది. టాంపాన్ లోపలే పీలుస్తుంది, నెత్తురుతో పాటు ఉండాల్సిన తేమను కూడా. 1980లో అమెరికాలో బాగా పీల్చే టాంపాన్లు వాడినవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కేసులు గుంపుగా బయటపడ్డాయి, స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా విడిచే విషం వల్ల. కప్పుతో అది అసలు రాదని చెప్పను, అతి అరుదుగా కొన్ని కేసులు నమోదయ్యాయి, కాబట్టి 12 గంటలు దాటనివ్వకూడదు, చేతులు కడుక్కోకుండా ముట్టకూడదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో 43 అధ్యయనాలు, సుమారు 3,300 మందిని కలిపి చూసినప్పుడు, నేరుగా పోల్చిన నాలుగు అధ్యయనాల్లో లీకు విషయంలో కప్పు ప్యాడ్లకు, టాంపాన్లకు సమానంగానో ఇంకా మేలుగానో తేలింది. నెల మొత్తం మీద సగటున పోయేది 30-40 మిల్లీలీటర్లే, కప్పు ఒక్కసారికే 25 దాకా పడుతుంది. 80 దాటుతుంటే కప్పు గురించి కాదు, డాక్టర్ గురించి ఆలోచించాలి. కాపర్-టి వేయించుకున్నవాళ్లు ముందు వాళ్ల డాక్టర్‌ని అడగాలి, కప్పుతో పాటు అది జరిగి ఊడి రావచ్చు. "కన్నెతనం" పోతుందా అని అడిగేవాళ్లకు, కన్నెపొర చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, అలాంటి పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. గుడ్డలు వాడేవాళ్లు వాటిని ఉతకాలంటే బకెట్లు కావాలి, ఆరెయ్యడానికి ఎండ ఎంతైనా ఉంది గానీ ఎవరికీ కనపడకుండా చీర కింద ఆరేస్తారు, ఎండ తగలదు. కప్పుకి ఒక చెంబెడు నీళ్లు చాలు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇదంతా రాసి పంపితే ఆ అమ్మాయి నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. ఈసారి నొక్కి తీసిందట, తుస్ కూడా వినపడిందట. "కానీ అక్కా, ఉడకబెట్టినాక కప్పు మీద తెల్లగా సున్నం మాదిరి పట్టింది, పాడయిందా?" పాడవలేదు తల్లీ, అది నిజంగానే సున్నం బాపతు. మన బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ మరిగించగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి పేరుకుంటుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేది ఇదే. కొంచెం నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు వేస్తే చిన్న చిన్న బుడగలు వచ్చి కరిగిపోతుంది, తర్వాత మంచి నీళ్లతో బాగా కడుక్కో. వచ్చే నెల నుంచి ఫిల్టర్ నీళ్లలో మరిగించు, ఐదు నిమిషాలు చాలు, టీ వడపోసే జల్లెడలో పెట్టి ముంచితే గిన్నె అడుగుకు అంటుకోదు. ఆ జల్లెడ మాత్రం దానికే విడిగా పెట్టుకో, మీ అమ్మ చూస్తే మనిద్దరికీ అక్షింతలే.