తూము పనుల్లో వాడే గాలి పైపు: అపోహలు - వాస్తవాలు

వరంగల్, ములుగు జిల్లాల చెరువుల్లో మునిగి తూముల షట్టర్లు బాగుచేయడం నా వృత్తి. కట్ట మీది కంప్రెసర్ నుంచి వచ్చే గాలి, పైపు ద్వారా నా ముఖానికి తొడిగిన మాస్కుకు అందుతుంది. ఆ పైపు కొనేటప్పుడు మావాళ్లు పదేపదే చేస్తున్న పొరపాట్లు చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: మిర్చికి, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ పైపు ఎంత ప్రెషరైనా తట్టుకుంటుంది కాబట్టి దాన్ని మించినది లేదు.

వాస్తవం: ప్రెషర్ తట్టుకోవడం వేరు, లోపలి గాలి పీల్చదగినదిగా ఉండడం వేరు. ములుగు వైపు ఒక చెరువు దగ్గర నాకు అలాంటి పైపే ఇచ్చారు. సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, రెండు చివరలూ మూసి రాత్రంతా ఉంచాను. తెల్లవారి బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పురుగుమందు వాసన గుప్పుమంది. ఆ రోజు నేను నీటిలోకి దిగలేదు. కొత్త కూలర్ పైపు కూడా వద్దు. ఎండకు వేడెక్కితే దానిని మెత్తగా ఉంచే రసాయనాల వాసన గాలిలోకి వస్తుంది, పైగా మడత పడితే గాలి ఆగిపోతుంది. పీల్చే గాలి కోసమే తయారైన, మడత పడని పైపునే తీసుకోవాలి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల ప్రకారం, వాడే ప్రెషర్‌కు కనీసం 4 రెట్ల వరకు అది పగలకూడదు, ఏటా 1.5 రెట్ల ప్రెషర్‌తో పరీక్షించాలి. అంటే 7 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి పంపే పైపు 28 బార్ల వరకు పగలకూడదన్నమాట.

అపోహ: అయిదు మీటర్ల లోతే కదా, పైపు తెగితే పైకి వచ్చేయవచ్చు.

వాస్తవం: ఈ మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెడుతుంది. ప్రతి 10 మీటర్లకు నీటి ఒత్తిడి సుమారు 1 బార్ పెరుగుతుంది కనుక 5 మీటర్ల దగ్గర అది అర బార్. కట్ట మీద పైపు తెగితే మాస్కులోని గాలి తక్కువ ఒత్తిడి ఉన్న పైవైపుకు దూసుకుపోతుంది, మాస్కు ముఖాన్ని లోపలికి లాగి కళ్లకు, ఊపిరితిత్తులకు గాయం చేస్తుంది. దీన్ని ఆపేది మాస్కు దగ్గర బిగించే నాన్-రిటర్న్ వాల్వు (గాలిని మాస్కు వైపుకే పోనిచ్చి, వెనక్కి పోనివ్వనిది) ఒక్కటే. దిగే ముందు పైపు విప్పి, వాల్వుకు పైపు తగిలించే వైపు నోరు పెట్టి గట్టిగా పీల్చి చూడండి. కొంచెమైనా గాలి వస్తే ఆ వాల్వు మార్చాల్సిందే. ఇక కంగారులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే, మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. పైకి వస్తున్నంతసేపూ గాలి వదులుతూనే ఉండాలి.

అపోహ: గాలి పైపునే పట్టుకుని, నీటిలో ఉన్న మనిషిని పైకి లాగవచ్చు.

వాస్తవం: బరువు పడితే జాయింట్లు ఊడతాయి. నడుముకు వేరే తాడు ఉండాలి.

అపోహ: పైపు మంచిదైతే గాలి మంచిదే.

వాస్తవం: ఇంజను పొగగొట్టం పక్కనే కంప్రెసర్ గాలి పీల్చుకునే చోటు ఉంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మాస్కులోకి వస్తుంది. దానిని పొగకు దూరంగా, గాలి ఎటు నుంచి వీస్తుంటే అటువైపుకు మార్చి పెట్టాలి. పని అయ్యాక పైపు చివరలకు మూతలు బిగించండి, లేకుంటే షెడ్డులో కందిరీగలు అందులో మట్టిగూడు కడతాయి.