ముసలి కుక్క దాహం

కోనసీమలో మే నెల ఉక్కపోతకు ఏ కుక్కయినా నాలుక చాపి వగరుస్తూ గిన్నెడు నీళ్లూ ఖాళీ చేస్తుంది కనుక, వయసు మళ్లిన కుక్కలో కుషింగ్ వ్యాధి మొదలైనా ఇంటివారికి చాలాకాలం అనుమానం రాదు. సంక్రాంతి చలిలోనూ అదే దాహం, అదే వగర్పు ఉంటే ఆ నెపం ఎండ మీద పెట్టలేము. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి, అంటే పది కిలోల కుక్క లీటరుకు మించి తాగుతూ ఉంటే పరీక్ష చేయించాలి.

మూత్రపిండాల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. ఎంత చేయాలో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞాపిస్తుంది. చేలు తడిశాయన్న కబురు అందగానే కాలువ లాకు దించినట్లు, రక్తంలో కార్టిసాల్ చాలినంత చేరగానే ఆ ఆజ్ఞ తగ్గిపోవాలి. పిట్యూటరీలో చిన్న కణితి ఏర్పడితే ఆ అదుపు తప్పి కార్టిసాల్ మితిమీరుతుంది. ఇలా కార్టిసాల్ మితిమీరడమే కుషింగ్ వ్యాధి. కుక్కలకు సహజంగా వచ్చే ఈ వ్యాధిలో నూటికి 80 నుంచి 85 వంతులకు కారణం ఇదే. మిగిలినవాటిలో ప్రధానంగా అడ్రినల్ గ్రంథిలోనే కణితి ఉంటుంది. పిట్యూటరీ కణితికీ ఈ లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని మనుషుల్లో 1932లో వివరించిన అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పేరే వ్యాధికి స్థిరపడింది.

కార్టిసాల్ మితిమీరితే మూత్రపిండాలు నీటిని నిలుపుకోలేవు. కుక్క ఎక్కువగా తాగడం వల్ల మూత్రం పెరగడం లేదు, మూత్రం పోవడం వల్లనే తాగుతోంది. అందువల్ల వసారా తడుపుతోందని నీళ్లు తగ్గించడం ప్రమాదకరం. ఆకలి విపరీతమవుతుంది, కాలేయం పెరిగి కండరాలు సడలడంతో పొట్ట జారుతుంది, ఒంటికి రెండు పక్కలా జుట్టు రాలి చర్మం పలచబడుతుంది. పెరుగన్నం ఇష్టంగా తింటోందని సంతోషించే ఇంటివారికి ఆకలిని జబ్బుగా చూడడం కష్టమే.

మందుల వల్ల వచ్చే కుషింగ్ కూడా ఉంది. డెల్టా తేమలో చర్మవ్యాధులు, గోమార్ల బెడద ఎక్కువ. దురద తగ్గడానికి కార్టిసాల్‌లా పనిచేసే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లను నెలల తరబడి వాడితే ఇవే లక్షణాలు వస్తాయి, పైగా అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. కనుక పశువైద్యుడికి మొదట చెప్పవలసింది ఇంతవరకు వాడిన మాత్రలు, సూదులు, పూతమందుల సంగతి. అయితే వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. వైద్యుడి సలహాతో క్రమంగా తగ్గించాలి.

ఒక్క రక్తనమూనాతో కార్టిసాల్ కొలిచి వ్యాధిని తేల్చలేము. కొద్ది మోతాదు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు మళ్లీ కొలుస్తారు. వ్యాధి నిర్ధారణ అయితే కార్టిసాల్ తయారీని తగ్గించే ట్రైలోస్టేన్ అనే మందును ఆహారంతో కలిపి ఇస్తారు. ఆ మందు మోతాదు మించితే కార్టిసాల్ ప్రమాదకరంగా పడిపోతుంది. వాంతులు, నీరసం కనిపించినా, కుక్క తిండి మానినా తరువాతి మాత్ర వేయకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి.