పూత పట్టని రాతినార: సిమెంటు రేకుల పొడి వెనుక వందేళ్ల కథ

తిరుపతి శివార్లలోనైనా, చిత్తూరు పక్క పల్లెల్లోనైనా సిమెంటు రేకును మిషనుతో కోస్తుంటే లేచే తెల్లటి పొడి పనివాడి కనురెప్పల మీద, తలగుడ్డ మడతల్లో పేరుకుంటుంది. పాత రేకుల్లోనూ, నేటికీ అమ్ముడవుతున్న చాలా రేకుల్లోనూ సిమెంటుకు బలంగా కలిపినది రాతినార, అంటే ఆస్బెస్టాస్. ఈ నార ఊపిరితిత్తుల్లో చేరాక దాని చుట్టూ ఇనుప పూత పడుతుందా లేదా అన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ఎవరి జబ్బుకు ఏది కారణమో తేల్చడంలో ఆ పూతకు పెద్ద పాత్రే ఉంది.

1906లో జర్మన్ పాథాలజిస్టు మార్షాండ్ ఊపిరితిత్తుల్లో విచిత్రమైన గోధుమరంగు కణికలను గమనించాడు. 1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ రాతినార మిల్లు కార్మికురాలు నెల్లీ కెర్షా మరణించగా, ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ 1927లో, రాతినార పొడి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే ఆ జబ్బుకు ఆస్బెస్టాసిస్ అని పేరు పెట్టాడు. రెండు చివరలా ఉబ్బి, నడుమ పూసలు గుచ్చినట్టు కనిపించే ఆ కణికల లోపలిది రాతినార పోగేనని క్రమంగా తేలింది. పై పూత ఇనుమూ ప్రొటీనూ కలిసినది కనుక ఇనుమును పట్టి చూపే పెర్ల్స్ రంగు వేస్తే నీలంగా మారుతుంది. గాజు వంటి ఇతర పోగులూ ఇలాగే పూత తెచ్చుకోగలవని గుర్తించాక, 1960లలో వీటన్నిటికీ కలిపి ‘ఇనుప కణికలు’ అనే అర్థంలో మరో పేరు వాడుకలోకి వచ్చింది.

పూత వేసేవి మాక్రోఫేజ్ కణాలు, అంటే ఒంట్లో చేరిన పరాయి వస్తువులను మింగే రక్షక కణాలు. పొట్టి పోగును ఒక కణమే మింగి ఊపిరితిత్తుల నుంచి తొలగించగలదు. సుమారు 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన పొడవున్న పోగు దానికి మింగుడుపడదు. అప్పుడు దాని చుట్టూ ఇనుము పేరుకుంటుంది. అందుకే పొడవైన, కాస్త లావైన పోగులకే ఎక్కువగా పూత పడుతుంది, పొట్టివి చాలావరకు నగ్నంగానే ఉండిపోతాయి.

రకం సంగతి ఇంకా ముఖ్యం. నీలి, గోధుమ రాతినారలు ఆంఫిబోల్ జాతివి. నిటారుగా, గట్టిగా ఉండి ఏళ్ల తరబడి కరగవు. చూసిన కణికల్లో అత్యధికం వీటివే. క్రిసోటైల్ అనే తెల్లనార మెలికలు తిరిగిన సన్నపోగు. ఊపిరితిత్తుల్లో దానిలోని మెగ్నీషియం కరిగి, పోగు ముక్కలై, త్వరగా తొలగిపోతుంది. పూత పడేంత పొడవుగా మిగిలేది తక్కువే. అయినంత మాత్రాన తెల్లనార అపాయకరం కాదనుకోరాదు: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ అన్ని రకాలనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగానే వర్గీకరించింది.

మన చిక్కు ఇక్కడే. పొరుగున కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వినదీ, దేశంలో రేకుల తయారీకి ఇప్పుడు దిగుమతి అవుతున్నదీ తెల్లనారే. రాతినార జబ్బులను నిర్ధారించేందుకు నిపుణులు రూపొందించిన 1997 నాటి హెల్సింకి ప్రమాణాలు, ఎండబెట్టిన ఒక గ్రాము ఊపిరితిత్తి కణజాలంలో వెయ్యికి మించి కణికలుంటే ఆ వ్యక్తి వృత్తిలో రాతినారకు గురై ఉండవచ్చునని చెబుతూనే, క్రిసోటైల్ అంతగా పేరుకోదు కనుక పోగుల లెక్క కంటే పని చరిత్రే మేలైన ఆధారమని కూడా గుర్తించాయి. సాధారణ మైక్రోస్కోపు కింద కణికలు లేవన్న మాట, రేకులు కోసిన మనిషి విషయంలో, ఏమీ నిరూపించదు. పూత లేని సన్నపోగులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తప్ప దొరకవు, అదీ అవి ఇంకా మిగిలి ఉంటేనే. కాబట్టి డాక్టరు స్లైడు కంటే ముందు అడగవలసింది, ఏ ఏడు, ఏ షెడ్డులో, ఎన్నాళ్లు, నోటికి గుడ్డ కట్టుకునే కోశావా అన్నది.